నీళ్లు మార్చిన కొద్దీ పెరిగిన పాచి: ఒక ఉప్పునీటి ట్యాంక్ కేసు

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంలు పెట్టి, వాటిని చూసుకోవడం నా పని. ఈ కేసు రాసి పెట్టడానికి గట్టి కారణమే ఉంది. ట్యాంక్‌లో ఉన్న నీళ్లను వారానికి రెండుసార్లు టెస్ట్ చేశాను కానీ, ట్యాంక్‌లోకి పోస్తున్న నీళ్లను ఏడు వారాల దాకా ఒక్కసారి కూడా టెస్ట్ చేయలేదు. మొదటి రోజే ఆ పని చేసి ఉంటే కొన్ని నత్తలు, ఒక జోయాల (గుత్తులుగా పెరిగే మెత్తటి పగడంలాంటి జీవుల) గుత్తి బతికి ఉండేవి. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు, అందుకే ఇక్కడ కూడా మాస్టారు అనే అంటాను.

నేపథ్యం

హైదరాబాద్ శివారులో అపార్ట్‌మెంట్. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ట్యాంక్. కింద క్యాబినెట్‌లో ఉన్న సంప్‌ (ఫిల్టర్ తొట్టి)తో కలిపి సుమారు 280 లీటర్ల నీళ్లు. స్కిమ్మర్ (నురగతో మురికి లాగేది), చిల్లర్ (నీళ్లు చల్లబరిచేది), ఎల్ఈడీ లైటు అన్నీ ఉన్నాయి. ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు. ఒక క్లౌన్ ఫిష్ జంట, రెండు డ్యామ్సెల్స్, ఒక గోబీ. రాళ్ల మీద జోయాలు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్, అన్నీ మెత్తటి రకాలే. గట్టి పగడాలు లేవు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు, వాటిని నేను ఎవరి ట్యాంక్‌లోనూ పెట్టను. రాళ్లు కూడా సముద్రంలోంచి తీసినవి కావు, సున్నపు మిశ్రమంతో తయారు చేసినవే.

ట్యాంక్ పెట్టి 14 నెలలు. మొదటి తొమ్మిది నెలలు చక్కగా నడిచింది. ఆ తర్వాత ఐదు నెలలుగా పాచితో పోరాటం. ఈ తొమ్మిది, ఐదు లెక్క గుర్తుంచుకోండి. నేను దాన్ని కాగితం మీద రాసుకుని కూడా పట్టించుకోలేదు.

నేను వెళ్లేసరికి

రాళ్లన్నీ పచ్చటి జుట్టు మొలిచినట్టు ఉన్నాయి. రెండు మూడు అంగుళాల పొడవు, పంపు వేగానికి ఒకే వైపు దువ్వినట్టు ఊగుతోంది. జోయాలు సగం మూసుకుపోయి ఉన్నాయి, నోటి చుట్టూ పాచి అల్లుకుంది. మాస్టారి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. తేదీ, నైట్రేట్, ఫాస్ఫేట్, మార్చిన నీళ్లు, వేసిన మేత, అన్నీ గళ్లు గీసి రాశారు. పాచికి ఎరువులు నైట్రేట్, ఫాస్ఫేటే. నైట్రేట్ 5 పీపీఎం (లీటరుకు 5 మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ సున్నా.

"సున్నా ఉంటే పాచి దేన్ని తిని బతుకుతోంది బాబూ?" అని అడిగారు.

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. టెస్ట్ కిట్ చెప్పేది నీళ్లలో మిగిలింది ఎంత అన్నదే. లోపలికి వచ్చింది ఎంత అన్నది దానికి తెలియదు. పాచి ఒత్తుగా ఉన్న ట్యాంక్‌లో ఫాస్ఫేట్ వచ్చింది వచ్చినట్టే పాచి లాగేసుకుంటుంది. అన్నం గిన్నె ఖాళీగా ఉందంటే ఆ ఇంట్లో వంట కాలేదని కాదు కదా, తినేవాళ్లు ఎక్కువ ఉన్నారని.

అప్పటికే ఆయన చేసినవి తక్కువేం కాదు. మూడు రోజులు లైటు ఆపి దుప్పటి కప్పారు. పాచి పలచబడి, మూడు వారాల్లో మళ్లీ వచ్చింది. చచ్చిన పాచి ట్యాంక్‌లోనే కుళ్లి, కొత్త దానికి ఎరువైంది. ఎవరో చెబితే పాచి చంపే మందు వాడారు, అదీ అంతే. పన్నెండు నత్తలు వేశారు. నత్తలు రాయి మీది పలచటి పొరను గీరి తింటాయి, ఇంత పొడుగు జుట్టు జోలికి పోవు. వాటిలో ఐదు పోయాయి. చివరికి నీళ్లు మార్చడం పెంచారు, రెండు వారాలకోసారి 40 లీటర్లు మార్చేది కాస్తా వారానికి 60 చేశారు.

అప్పుడే ఆయన ఒక మాట అన్నారు: "నీళ్లు మార్చిన మూడో రోజుకి ఇంకా పచ్చగా అవుతోంది బాబూ." ఏ నీళ్లు వాడుతున్నారని అడిగాను. "ఆర్ఓ నీళ్లే" అన్నారు. వంటింట్లో గోడకి ప్యూరిఫైయర్ కనిపించింది. సరే అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

విశాఖలో ఉన్న వాళ్ల బంధువు ఒకాయన బీచ్ దగ్గర సముద్రపు నీళ్లు క్యాన్లలో పంపిస్తానన్నారట. వద్దన్నాను. ఒడ్డు పక్కన నీళ్లలో ఊరి మురుగు కలిసే అవకాశం ఉంటుంది. పైగా వానాకాలం, ఆ తర్వాత కొన్నాళ్లు నదుల నీళ్లు కలిసి బంగాళాఖాతం పైపొరలో ఉప్పదనం బాగా తగ్గుతుంది. ఎరువు సమస్య ఉన్న ట్యాంక్‌లోకి ఏముందో తెలియని నీళ్లు తెచ్చి పోయడం దండగ.

మొదటి నిర్ణయం: ఏ పాచి?

పేరు తెలియకుండా మందు వేయకూడదు. ఒక చిన్న కుచ్చు పీకి, తెల్లటి సాసర్‌లో ట్యాంక్ నీళ్లు పోసి అందులో వేశాను. బ్రయాప్సిస్ అనే మొండి పాచి అయితే ప్రతి పోగూ చిన్న ఈకలా, నడుమ కాడకి రెండు పక్కలా పళ్లు ఉన్నట్టు విచ్చుకుంటుంది. దాన్ని చేపలు, నత్తలు పెద్దగా ముట్టవు, దానికి వైద్యం వేరు. ఇక్కడ మాత్రం పోగులు తడిసిన దారాల్లా ఒకదానికొకటి అంటుకుని సాసర్ అడుగున చతికిలపడ్డాయి. మామూలు హెయిర్ ఆల్గే. అంటే మందుతో పని లేదు, పాచికి అందే ఎరువు ఆపితే చాలు.

ముందు ఉన్న పాచిని చేత్తో తీసేయాలనుకున్నాను. బయటికి తీసిన ప్రతి గుప్పెడుతో అది తిన్న నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా బయటికి పోతాయి. లోపల చస్తే అవి మళ్లీ నీళ్లలోకే వస్తాయి. రాళ్లను ట్యాంక్ నీళ్లు నింపిన బకెట్‌లో ముంచి పీకి, టూత్ బ్రష్‌తో రుద్ది, ఇంకో బకెట్‌లో కడిగి లోపల పెట్టాం. మొదటి వారం సగం రాళ్లు, రెండో వారం మిగతా సగం. రాళ్లలోని మంచి బ్యాక్టీరియాను ఒకేసారి కదిలించడం ఇష్టం లేక అలా చేశాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. మాస్టారు రాళ్లను మరిగే నీళ్లలో ముంచితే పని సులువు కదా అన్నారు. గట్టిగా వద్దన్నాను. కొన్ని జోయాల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని మరిగించినా, వేడి నీళ్లు పోసి రుద్దినా ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. గ్లవ్స్, కళ్లజోడు పెట్టుకుని, రాయిని నీళ్లలో ఉంచే రుద్దాలి. చేతి మీద గాటు ఉంటే ఆ రోజు ఆ పని పెట్టుకోవద్దు.

ఒక కిలోకు పైగా పాచి తీశాం. ట్యాంక్ కొత్తదానిలా మెరిసింది. కానీ రెండో వారం చివర ఫాస్ఫేట్ 0.18కి, నైట్రేట్ 12కి ఎక్కాయి. తినేది పోయింది కాబట్టి మిగిలింది కనిపిస్తోంది అనుకున్నాను. అది సగం నిజం. ఐదు చిన్న చేపలకు రోజూ చిటికెడు మేత వేసే ట్యాంక్‌లో నైట్రేట్ అంత వేగంగా ఎలా ఎక్కింది అన్న ప్రశ్న అప్పుడు వేసుకోవాల్సింది. వేసుకోలేదు.

నా వల్ల జరిగిన నష్టం

ఫాస్ఫేట్ తగ్గించడానికి ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడాను. అవి నీళ్లలో ఫాస్ఫేట్‌ను తమకు అతికించుకుంటాయి. ఇలాంటి ట్యాంక్‌కు పావు వంతు డోసుతో మొదలుపెట్టి వారం వారం చూస్తూ పోవాలి. ఐదు నెలలుగా విసిగిపోయిన ఆ పెద్దాయనకు తొందరగా ఫలితం చూపించాలని పూర్తి డోసు పెట్టాను. ఎనిమిదో రోజుకి ఫాస్ఫేట్ 0.00. ఈసారి పాచి తిని వచ్చిన సున్నా కాదు, నిజమైన సున్నా. నైట్రేట్ మాత్రం అలాగే ఉంది.

నాలుగో వారం ఇసుక మీద గోధుమరంగు దుమ్ము కనిపించింది. డయాటమ్‌లు (గోధుమరంగు సూక్ష్మ నాచు) అనుకున్నాను, కదిలించిన ట్యాంక్‌లో అవి రావడం మామూలే. ఐదు రోజులు ఊరుకున్నాను. ఆరో రోజు మాస్టారు ఫోన్ చేశారు, గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "పొద్దున శుభ్రంగా ఉంటోంది బాబూ, సాయంత్రానికి చీమిడిలా వేలాడుతోంది. నత్తలు వెల్లకిలా పడిపోతున్నాయి."

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. రాత్రి మాయమై, లైటు కింద మళ్లీ పేరుకుని, దారాల చివర గాలి బుడగలు పట్టుకుని వేలాడేది డయాటమ్ కాదు, డైనోఫ్లాజెల్లేట్, అంటే ఈదే సూక్ష్మజీవి. మేం డైనో అంటాం. అయినా ఈసారి ఊహ మీద వదల్లేదు. కొంచెం బంకను పైపుతో గ్లాసులోకి లాగి బాగా గిలకొట్టాం. టిష్యూ పేపర్‌లో వడగడితే కిందికి దాదాపు తేటగా నీళ్లు దిగాయి. ఆ గ్లాసును లైటు కింద పెట్టి కాఫీ తాగుతూ కూర్చున్నాం. ముప్పావు గంటలో ఆ తేట నీళ్లలో గోధుమరంగు పోగులు మళ్లీ కలిసి కట్టుకోవడం ఇద్దరం కళ్లారా చూశాం. డయాటమ్‌లు అలా తిరిగి అల్లుకోవు.

తెలిసిన లెక్చరర్ దగ్గర మైక్రోస్కోప్ ఉంటే ఒక చుక్క తీసుకెళ్లాం. 400 రెట్లలో చూస్తే ఒక కొస సన్నగా ఉన్న బాదం గింజల్లాంటి కణాలు, గుంజకు కట్టిన దూడల్లా ఒక్కో చోటే గిరగిరా తిరుగుతున్నాయి. ఆస్ట్రియాప్సిస్ అనే డైనో. నత్తలు ఎందుకు పోయాయో కూడా తేలింది, దీనిలోనూ పాలిటాక్సిన్ జాతి విషాలు ఉంటాయి.

ఏ డైనో అన్నది తెలియడం ఎందుకు ముఖ్యమంటే, వైద్యం దాని అలవాటు మీద ఆధారపడుతుంది. యాంఫిడీనియం లాంటి డైనోలు రాత్రి కూడా ఇసుకలోనే దాక్కుంటాయి, వాటి మీద యూవీ (సూక్ష్మజీవులను చంపే అతినీలలోహిత కాంతి) పెద్దగా పనిచేయదు. ఆస్ట్రియాప్సిస్ చీకటి పడగానే రాయి వదిలి నీళ్లలోకి తేలుతుంది. కాబట్టి యూవీ లైటు దాన్ని పట్టుకోగలదు.

ఫాస్ఫేట్ అసలే లేకుండా పోయినచోట పాచి, బ్యాక్టీరియా లాంటి పోటీదార్లు నీరసపడతాయి, ఆ ఖాళీలో డైనోలు కూర్చుంటాయి. ఆ ఖాళీ చేసిపెట్టింది నేనే. మాస్టారికి ఆ మాట నేరుగా చెప్పాను. ఆయన నోటు పుస్తకంలో ఆ తేదీ పక్కన "డోసు ఎక్కువైంది" అని మాత్రం రాసుకున్నారు.

గుళికలు ఆ రోజే తీసేశాం. సోడియం ఫాస్ఫేట్ ద్రావణం కొద్దికొద్దిగా వేస్తూ రోజూ కొలిచాం. మొదటి నాలుగు రోజులు వేసింది వేసినట్టే మాయమైంది. అలా జరుగుతుంది, సున్నపు రాళ్లు ఫాస్ఫేట్‌ను పీల్చుకుని తర్వాత వదులుతుంటాయి. వారం తర్వాత 0.06 దగ్గర నిలిచింది. యూవీ స్టెరిలైజర్‌ను సంప్‌లో కాకుండా పై ట్యాంక్ నుంచే నీళ్లు లాగి పైకే వదిలేలా బిగించాను. డైనోలు తేలేది పై ట్యాంక్‌లో. సంప్‌లో పెడితే సంప్‌కి దిగిన నీళ్లకే వెలుగు తగులుతుంది. మూడు రోజులు లైటు పూర్తిగా ఆపి, విషం కోసం యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, వారానికోసారి మార్చాం. ఇసుక మీది బంకను సన్నటి ఫిల్టర్ బట్టలోంచి వడగట్టి నీళ్లు మళ్లీ ట్యాంక్‌లోకే పోశాం, కొత్త నీళ్లు మాత్రం మార్చలేదు. పదిహేను రోజుల్లో ఇసుక తెల్లబడింది.

అసలు దొంగ

ఏడో వారం, అంతా సర్దుకుందనుకుని, మొదటిసారి 60 లీటర్లు మార్చాం. నాలుగో రోజు అద్దం మీద పచ్చటి నూగు. రాళ్ల అంచుల్లో కూడా.

అప్పుడు గుర్తొచ్చింది, మొదటి రోజు ఆయన అన్న మాట. నీళ్లు మార్చిన మూడో రోజుకి.

మధ్యాహ్నం వెళ్లాను. అమ్మగారు వంటింట్లో ప్యూరిఫైయర్ కుళాయి కింద బిందె పెట్టి నింపుతున్నారు, ట్యాంక్ కోసమే. బ్యాగులోంచి టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) తీసి బిందెలో ముంచాను. 112. ఆ పెన్ను నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. ఏడు వారాలు ఆ ఇంటికి వస్తూ పోతూ దాన్ని ఒక్కసారి బయటికి తీయలేదు.

"అమ్మగారూ, ఈ మెషీన్ ఎవరైనా ఈ మధ్య ముట్టుకున్నారా?"

"ఈ మధ్యేం కాదు బాబూ. అప్పుడెప్పుడో సర్వీసుకి వచ్చిన అబ్బాయికి నీళ్లు చప్పగా ఉంటున్నాయని చెబితే, వెనక ఏదో తిప్పి వెళ్లాడు. దసరా ముందు అనుకుంటా."

మాస్టారు నోటు పుస్తకం తిరగేశారు. పాచి మొదటిసారి రాసింది దసరా తర్వాత మూడో వారం. తొమ్మిది నెలలు బాగున్న ట్యాంక్ ఎందుకు పాడైందో అక్కడ తెలిసింది.

చాలా ఇళ్లలోని ప్యూరిఫైయర్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న మర ఉంటుంది. మెంబ్రేన్ (లవణాలను ఆపే వడపోత పొర) దాటిన నీళ్లు రుచి లేకుండా ఉంటాయని, మెంబ్రేన్ దాటని నీళ్లు కొంచెం కలిపే దారి అది. ఆ అబ్బాయి తప్పేమీ చేయలేదు, తాగేవాళ్లు అడిగిందే చేశాడు. ఆ అపార్ట్‌మెంట్‌కు వచ్చేది బోరు నీళ్లు. వాటి టీడీఎస్ 940. నైట్రేట్ కొలిస్తే 70 దగ్గర వచ్చింది. వంటింటి నీళ్లలో 15. మన తాగునీటి ప్రమాణం నైట్రేట్‌కి లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది, కాబట్టి ఆ లెక్కన వంటింటి నీళ్లు తాగడానికి మంచివే. ట్యాంక్‌కి మాత్రం కావు.

లెక్క వేసి చూపించాను. వారానికి మార్చే నీళ్లు 60 లీటర్లు, వేసవిలో ఆవిరైపోతే పోసేవి ఇంకో 40. వంద లీటర్లలో లీటరుకు 15 చొప్పున 1500 మిల్లీగ్రాముల నైట్రేట్. 280 లీటర్ల ట్యాంక్‌లో అది వారానికి 5 పీపీఎం పైమాటే. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, నైట్రేట్ లోపలే ఉండిపోతుంది. పాచిని తగ్గించడానికి ఆయన నీళ్లు ఎక్కువ మార్చిన కొద్దీ ఎరువు ఎక్కువ పోస్తున్నారు. మన గ్రానైట్ నేలల బోరు నీళ్లలో సిలికా కూడా ఉంటుంది, అది డయాటమ్‌లకు మేత.

మర పూర్తిగా బిగిస్తే చాలు కదా అని మాస్టారు అడిగారు. బిగించి చూశాం. టీడీఎస్ 41కి దిగింది, నైట్రేట్ 8 దగ్గర ఆగింది. మెంబ్రేన్ మిగతా లవణాలను ఆపినంత బాగా నైట్రేట్‌ను ఆపలేదు. పైగా ఇంట్లో తాగే నీళ్ల రుచి ట్యాంక్ కోసం చెడగొట్టడం న్యాయం కాదు. అందుకని బాల్కనీలో విడిగా ఒక ఆర్ఓ, దాని వెనక డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన లవణాలను కూడా లాగేసేది) పెట్టించాను. పెన్ను 0 చూపిస్తేనే ఆ నీళ్లలో ఉప్పు కలపాలి. బయటికి పోయే వృథా నీళ్లు తొట్టిలో పట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నారు.

ఫాస్ఫేట్ దారి వేరు, అది మేతది. ఫ్రీజర్ రొయ్యల ముక్కలు కరిగిన నీళ్లతో సహా ట్యాంక్‌లో వేస్తున్నారు. టీ వడకట్టులో వేసి కడిగి వేయమన్నాను. సంప్‌లో ఒక అరలో చీటో అనే నాచు పెంచి, దానికి రాత్రి లైటు పెట్టాం. పాచి ఎలాగూ పెరుగుతానంటే మనం చెప్పిన చోట పెరగనీ, రెండు వారాలకోసారి గుప్పెడు తీసి పారేస్తాం. పై లైటు రోజుకు పదిన్నర గంటలు వెలిగేది, ఏడున్నర గంటలకి తగ్గించాం. పాచి గీరి తినే టాంగ్ చేపను వేద్దామని మాస్టారికి ఆశ. ఈత కొట్టే ఆ చేపకు 4 అడుగులు చాలవని ఒప్పించి, ఒక లాన్‌మోవర్ బ్లెన్నీని తెచ్చాను. నత్తలను ఈసారి చివర్లో వేశాం, పాచి పొట్టిగా అయ్యాక. ఇప్పుడు తింటున్నాయి.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

కొత్త ఇంటికి వెళితే ఇప్పుడు ట్యాంక్ కంటే ముందు బకెట్‌లో పెన్ను ముంచుతున్నాను. "ఆర్ఓ నీళ్లే" అన్న మాటను జవాబుగా తీసుకోవడం మానేశాను. వెనక ఏ మర ఎంత తిప్పి ఉందో ఆ ఇంటివాళ్లకే తెలియకపోవచ్చు.

ఫాస్ఫేట్ సున్నాకి తేవడం నా లక్ష్యం కాదు. 0.03కి, 0.1కి మధ్య నిలబడితే చాలు. తగ్గించేది ఏదైనా పావు డోసుతోనే మొదలుపెడతాను, యజమాని ఎంత తొందరపెట్టినా.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైంది. మాస్టారు నాకు మొదటి రోజే జవాబు చెప్పారు. తనకు అర్థం కాకపోయినా, చూసింది చూసినట్టు చెప్పారు. నేను కారణం కోసం కిట్లలో వెతుకుతూ ఆ మాటను దాటేశాను. ఇప్పుడు మొదటి పావుగంట నేనేమీ మాట్లాడను, వాళ్లు చెప్పింది రాసుకుంటాను. "ఎప్పటి నుంచి?" అని అడిగాక, "ఆ నెలలో ఇంట్లో ఏమేం మారాయి?" అని కూడా అడుగుతాను. ఆ రెండో ప్రశ్న ఇంట్లో అందరినీ అడగాలి. ఇక్కడ జవాబు అమ్మగారి దగ్గర ఉంది, నేను ఏడు వారాలు మాస్టారితోనే మాట్లాడాను.

ఇప్పటి పరిస్థితి

పదహారో వారం చివర నైట్రేట్ 6, ఫాస్ఫేట్ 0.05. హెయిర్ ఆల్గే పంపు మూతి దగ్గర రూపాయి బిళ్లంత కుచ్చు మిగిలింది, బ్లెన్నీ రోజూ దాని దగ్గరే ఉంటోంది. ఒక జోయాల గుత్తి పూర్తిగా పోయింది. లెదర్ కోరల్ రెండు నెలలు ముడుచుకునే ఉండి, పొర వదిలి, ఇప్పుడు విచ్చుకుంటోంది. మొన్న వెళ్లేసరికి డీఐ గొట్టంలో రెజిన్ రంగు సగం దాకా మారి ఉంది. పెన్ను ఇంకా 0 చూపిస్తోంది కానీ కొత్త రెజిన్ తెప్పించాను. పెన్నును మాస్టారు ఉప్పు కలిపే డ్రమ్ము పిడికి పురికొసతో కట్టేశారు. నోటు పుస్తకంలో కొత్తగా ఒక గడి గీశారు: "పోసిన నీళ్లు, టీడీఎస్."